బీడీలతోని కొలిచిన రెండు గ్రాఫిక్స్ కార్డులు

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చాప మీద తంబాకు రాలి ఉంటది, దులుపుకొని కూసోండ్రి. మా ఇంట్ల రెండు కార్డులకు నేను పంచాయితి చెప్పిన ముచ్చట ఇది. నేను చదివింది మూడో తరగతి. అయినా తీర్పు నేనే చెప్పిన.

కార్డు అంటే నాకు తెల్సింది రేషన్ కార్డు, ఆధార్ కార్డు. మా కోడలు ఒకనాడు, "నా కార్డు పాతదైంది అత్తమ్మ, పని సాగుతలేదు" అంటే, "మీసేవల ఇస్తే మార్చిస్తరు గద బిడ్డ" అన్న. గా మాట ఇప్పటికీ వచ్చినోళ్లందరికీ చెప్పి నవ్వుతది. అది గ్రాఫిక్స్ కార్డంట. కంప్యూటర్ డబ్బల గుచ్చే పలక. బొమ్మలు, రంగులు, పెండ్లిపిల్ల మీద పూలు రాలుడు, ఆ పనంతా దాని నెత్తి మీదనే ఉంటదట.

మా కోడలు పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తది. కెమెరావోళ్లు తీసిన ముక్కలు తెంపి, అతికి, పాటలు కలిపి సినిమా లెక్క తయారుచేస్తది. నాలుగేండ్లు బాన్సువాడలనే ఒక స్టూడియోకు చేసి, పోయిన ఎండకాలం సొంతంగ ఇంట్ల షురూ చేసింది. మొదటి పని వర్ని దిక్కు నుంచి వచ్చింది. పని ఇచ్చినోళ్లు కోస్తా నుంచి వచ్చి ఎన్నడో ఇక్కడ స్థిరపడ్డ రైతులు. "పదహారు రోజుల పండక్కి చుట్టాలందరికీ టీవీలో చూపించాలమ్మా, ఆ రోజుకి అందకపోతే ఇక ఎందుకు" అన్నరు. ఈమె ఇస్తనని మాటిచ్చింది. మొదటి మాటే తప్పితే ఇంకెవ్వలు గడప తొక్కరని ఆమె ఫికర్. అన్నం కూడా సక్కగ తింటలేదు.

పెండ్లాం ఫికర్ చూసి మా కొడుకు ఆగుతడా. వాడు బస్టాండ్ దిక్కు సెల్‌ఫోన్లు బాగుచేస్తడు. నిజామాబాద్ పోయి ఎవ్వలో వాడి తీసేసిన కార్డు ఒకటి పట్టుకొచ్చిండు. ఇటుక అంత ఉన్నది.

"చూడవ్వ, దీనికి రెండు పంకలు. ఆమెదానికి ఒక్కటే. ఇది నాలుగు జీబీ, అది రెండు జీబీ."

"జీబీ అంటే ఏంది బిడ్డ?"

వాడు చెప్పబోయి, మల్ల నా మొకం చూసి, "ఎక్కువుంటే మంచిది అవ్వ" అన్నడు. గంతే తెలుసు వానికి కూడా.

డబ్బల చోటు ఒక్కదానికే ఉన్నది. ఏది ఉండాలె? కోడలేమో, "నా కార్డు పాతదే, చిన్నదే, గని మొండిది, నాకు అలవాటైంది" అంటది. కొడుకేమో, "అది ముసల్దైంది" అంటడు. రెండూ పాతయే. ముసలోళ్లిద్దరిల ఎవ్వలు పడుచోళ్లని కొట్లాట.

సరే, ఒక పాట రెండిట్ల పెట్టి చూద్దమనుకున్నరు. ముక్కలన్ని కలిపి ఒక్క సినిమాగ బయటికి తీసుడును ఎక్స్‌పోర్ట్ అంటరు. అది ఏది జల్ది చేస్తే అదే గెలిచినట్టు. కొడుకు ఫోన్ల గడియారం పెట్టిండు. తన కార్డుకేమో నూటికి తొంభై తొమ్మిది వంతులు కాంగనే ఆపిండు. ఆమె కార్డుకేమో నూరైనంక నీళ్లు తాగొచ్చి ఆపిండు. కోడలు చూసింది. "ఇగ నీ గడియారం వద్దు, నా గడియారం వద్దు. అత్తమ్మ చెయ్యి గడియారం" అన్నది.

నవ్వకుండ్రి. పన్నెండేండ్లప్పటి నుంచి బీడీలు చేస్తున్న. ఆకు పెట్టి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే చెయ్యి ఒక్క తీరుగనే నడుస్తది. కార్డు పని ఖతమయ్యేదాంక ఎన్ని బీడీలైతయో లెక్కపెట్టాలె. తక్కువ బీడీలైతే కార్డు జోరుది.

కోడలు కార్డుకు ఒక్క పాట అయ్యేవరకు ఇరవై ఐదు బీడీలు, సక్కగ ఒక కట్ట. కొడుకు కార్డుకు పద్దెనిమిదే. వాడు కుర్చీల వెనుకకు ఒరిగి కాళ్లు చాపిండు. కోడలు లోపలికి పోయింది, గిన్నెలు మాట్లాడినయి.

నేనన్న, "తీర్పు ఇంకా కాలేదు కొడుక. పెండ్లి సినిమా ఒక్క పాటనా? పొద్దుగాల కూసున్నప్పుడు అందరి చెయ్యి ఉరుకుతది. ఎండ ఎక్కినంక ఎట్ల నడుస్తదో అది చూడాలె. ఎడం ఇయ్యకుండ పాట వెనుక పాట పెట్టు."

తిన్నంక పెట్టిండ్రు. ముందుగాల కొడుకు కార్డు. మొదటి పాటకు పద్దెనిమిది. రెండో పాటకు ఇరవై నాలుగు. మూడోదానికి ముప్పై ఒకటి. డబ్బల నుంచి వేడి గాలి నా మోకాళ్లకు కొడుతున్నది, రెండు పంకలు గిర్రున తిరిగి గోల పెడుతున్నయి. నాలుగో పాటకు నలభై. పాట పాటకు బీడీలు వేరే వేరే కట్టి పెట్టిన, మల్ల తకరార్ రావద్దని.

డబ్బ సల్లారినంక కోడలు కార్డు గుచ్చిండ్రు. ఇరవై ఐదు. ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఆరు. బీడీలన్ని కలిపి చూస్తే మూడు పాటల దాంక కొడుకుదే ముందు. నాలుగో పాటల కోడలుది దాటేసింది.

కొడుకు మొకం ముడిచిండు. "అవ్వ, నా కార్డప్పుడు చెయ్యి ఉరికిచ్చినవ్. కోడలి దిక్కు అయినవ్."

నలుగురు కోడండ్లు ఇంటే నన్ను మెచ్చుకునే మాట అది. గని నా చెయ్యిని అన్నడు, ఊకోలేదు. "ఉరికిచ్చి చుడితే బీడీ లూజు వస్తది. మొదటి కట్ట, ఆఖరు కట్ట రెండూ పట్టుకొని వత్తి చూడు" అన్న. వత్తిండు. ఒక్కొక్కటి తీసి మల్ల వత్తిండు. అన్నీ ఒక్క తీరు గట్టిగనే ఉన్నయి.

అయినా ఓడనన్నడు. "వేడికే అట్లయింది, పంక పెడితే సరి" అని టేబుల్ పంక తెచ్చి డబ్బ దిక్కు తిప్పి ఏసిండు. బీడీలు చేసే ఇంట్ల పంక ఎందుకెయ్యమో వానికి తెల్వదా? చాటల తంబాకు అంతా లేచింది. వాడు తుమ్మె, కోడలు తుమ్మె, నేను కొంగు అడ్డం పెట్టుకొని తుమ్మితి. డబ్బ ఒక్కటే తుమ్మలేదు. కోడలు తుమ్ముకుంటనే నవ్వింది. వారం దినాల తర్వాత అదే మొదటి నవ్వు.

ఇగ తీర్పు చెప్పిన. "కొడుక, నీ కార్డు మంచిదే. ఒక్క పాటకు దాన్ని మించింది లేదు. గని ఈ పని మూడు గంటల సినిమా. దీనికి నీ పెండ్లాందే ఉండాలె."

"నీ ఇష్టం అవ్వ" అన్నడు. అని, తన చేతులతోనే తన కార్డు తీసి ఆమెది గుచ్చిండు. గుచ్చే ముందు దాని పంకను బ్రష్‌తోని తుడిచిండు. నేను చూడలేదనుకున్నడు.

తెల్లారి పొద్దుగాల కోడలు సినిమా అంతా ఎక్స్‌పోర్ట్ పెట్టింది. పగటీలి అన్నం తినే యాల్ల దాంక ఆ చిన్న పంక ఒక్క తీరుగ తిరిగింది, ఎక్కడా ఆగలేదు. పండుగ ఇంకొక దినం ఉన్నదనంగ కొడుకే పెన్‌డ్రైవ్ జేబుల పెట్టుకొని బండి మీద వర్ని దిక్కు పోయిండు. పొద్దుగూకేవరకు రాలేదు. కోడలు గడప దగ్గర పదిసార్లు నిలబడ్డది.

వచ్చి, బండి దిగకముందే చెప్పిండు. "అక్కడ్నే టీవీల పెట్టి చూసిండ్రే. అప్పగింతల కాడ పిల్ల తల్లి ఏడ్చింది. ఎవరు చేశారని అడిగితే మా ఇంటామె అన్న. వాళ్ల ఆడబిడ్డ కూతురు పెండ్లి మాఘమాసంల ఉన్నదట, అది కూడా నువ్వే చెయ్యాల్నట."

ఆమె లోపలికి పోయి వానికి అన్నం పెట్టింది, తను కూడా పక్కనే కూసొని కడుపు నిండ తిన్నది.

ఇంతసేపు నా ముచ్చట ఇన్నరు. మీ ఇంట్ల ఇచ్చిన మాట నిలవాలె, అత్తకోడండ్లు ఒక్క కంచంల తిన్నట్టు ఉండాలె, మొగోళ్లు ఓడినా అలగకుండ ఇంటికి జల్ది రావాలె. సల్లగుండుండ్రి.