శుక్రవారం ముఖం

ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చిన మొదటి సోమవారమే, మా కార్యాలయంలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి నన్ను అడిగింది.

"అక్కా, కోరుట్ల నుంచి బస్సుల పడి జగిత్యాలకు అస్తరు. అయినా గింత నీటుగ ఎట్ల ఉంటరు? నన్ను సూడుండ్రి, పిల్లకు పాలు పట్టి ఉరికొచ్చేసరికి తల గూడ సక్కగ దువ్వుకోలే."

నాకు తెలిసినవన్నీ చెప్పాను. ఆదివారం మధ్యాహ్నమే ఐదు చీరలకు కుచ్చిళ్లు పెట్టి, పిన్నులు గుచ్చి తగిలించుకుంటే, పొద్దున చీర కట్టడానికి నాలుగు నిమిషాలు చాలు. సిరిసిల్ల నూలు చీరకు గంజి పలుచగా పెట్టాలి. చిక్కగా పెడితే బస్సు దిగేసరికి వీపంతా మడతలే. కాటుక ఇంట్లోనే పెట్టుకోవాలి. బస్సులో పెట్టుకుంటే ఒక కన్ను మరో కంటికి అక్కలా కనిపిస్తుంది. చేతులకు మాత్రం మా అమ్మ పద్ధతే. సిరిసిల్లలో బీడీలు చుట్టి నన్ను చదివించిన మా అమ్మ, ఒళ్లోని చాట దించగానే నిమ్మచెక్కతో గోళ్లు రుద్దుకుని, చుక్క కొబ్బరినూనె రాసుకున్నాకే నా జడ ముట్టుకునేది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. అయినా అందం గురించిన తొలి పాఠం నాకు ఆ చేతుల నుంచే వచ్చింది.

ఆ అమ్మాయి అన్నీ శ్రద్ధగా విన్నది. ఒక్క విషయం మాత్రం నేను చెప్పలేకపోయాను.

నా భర్త గల్ఫ్‌లో పనిచేస్తారు. ఆయనకు శుక్రవారం సెలవు. ఆ రోజు భోజన విరామంలో నేను రికార్డుల గది కిటికీ పక్కన నిలబడి ఆయనతో వీడియోలో మాట్లాడతాను. అత్తమ్మ, పాప ఉండే రెండు గదుల ఇంట్లో కన్నా, పాత ఫైళ్ల మధ్యనే మాకు ఏకాంతం దొరుకుతుంది. అందుకే మంచి చీర శుక్రవారానికే దాచేదాన్ని. "ఆఫీసుకా, పెండ్లికా బిడ్డా?" అని అత్తమ్మ గుమ్మంలోనే అడిగేది.

ఫోన్‌లో నడుము పైభాగమే కనిపిస్తుంది. పనుల తొందరలో, కనిపించేంత మేరకే తయారు కావడం నాకు అలవాటైంది. ముఖానికి పౌడరు, జడలో మల్లెపూలు. కింద పగిలిన మడమలు, అరిగిన చెప్పులు. ఒకసారి మా పాప ఫోన్‌తో ఆడుతూ, ముఖాన్ని నునుపుగా, తెల్లగా చూపించే ఫిల్టర్ పెట్టింది. ఆ శుక్రవారం ఆయన, "ఇయ్యాల శాన మంచిగ కనపడుతున్నవ్" అన్నారు. నేను దాన్ని తీసేయలేదు. రెండేళ్లు అలాగే ఉంచాను.

పోయిన ఏడు ఆయన రెండు నెలల సెలవు మీద వచ్చారు. పెట్టె విప్పి, అందరి కన్నా ముందు నాకే ఒక చిన్న డబ్బా ఇచ్చారు. ఖరీదైన కాంపాక్ట్ పౌడరు.

"షాపోడు రంగు ఏదని అడిగిండు. వీడియోల మాట్లాడినప్పుడు పట్టిన నీ ఫోటో సూపెట్టిన," అన్నారు సంబరంగా. "గంటసేపు నిలబడి ఎతికిచ్చిన."

అద్దం ముందు రాసుకున్నాను. పాప పకపకా నవ్వింది. "అమ్మా, ముగ్గుపిండి అంటుకున్నది!"

ఆయన నవ్వలేదు. ఒకసారి డబ్బాను, ఒకసారి నన్ను చూశారు. ఆ చూపు కిందికి దిగి నా మడమల దగ్గర ఆగింది. "కాళ్లు గిట్లెందుకైనయ్?" అని మెల్లగా అడిగారు. ఆ గొంతులో తప్పుపట్టడం లేదు. తెలియని మనిషిని అడిగినట్లున్న ఆ మర్యాదే నన్ను బాధపెట్టింది.

మరునాడు ఆ డబ్బాను కోరుట్లలో నేనెప్పుడూ గాజులు కొనే ఫ్యాన్సీ దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణం నడిపే పెద్దావిడ నన్ను వాకిట్లోకి, ఎండలోకి పిలిచి, నా దవడ దగ్గర కొంచెం రాసి చూసింది. "బేటీ, గిది నీ రంగు గాదు. ఎవరికో తెచ్చింది నీకిచ్చిండ్రా ఏంది?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ రెండు నెలలూ ఆయన నాతో మంచిగానే ఉన్నారు. కానీ ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే మాకు మాటలు దొరికేవి కావు. సెలవులో వచ్చిన మూడో శుక్రవారం, ఒంటిగంటన్నరకు, రికార్డుల గదిలో నా ఫోన్ మోగింది. ఆయనే. మా ఇంటి మంచం మీద కూర్చుని వీడియో చేశారు. అరగంట సేపు ఇద్దరం ఎంతో తేలికగా మాట్లాడుకున్నాం, నవ్వుకున్నాం. "ఇంట్ల కన్న ఫోన్లనే మంచిగ మాట్లాడుతవ్," అన్నారు ఆయన. నా ఫోన్‌లో ఫిల్టర్ అలాగే ఉంది. సాయంత్రం బస్సు దిగి ఇంటి వైపు నడుస్తుంటే, ఆ నవ్విన మనిషి దగ్గరికి కాక ఇంకెవరి దగ్గరికో వెళుతున్నట్లనిపించింది.

ఆయన తిరిగి వెళ్లాక, రోజూ సాయంత్రం పాపతో హోంవర్క్ చేయిస్తూ ఉప్పువేసిన గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకోవడం మొదలుపెట్టాను. తర్వాత మైనం కలిపిన కొబ్బరినూనె రాసేదాన్ని. పగుళ్లు మానాయి. ఆ తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం ఫిల్టర్ తీసేసి, కిటికీ పక్కన నిలబడి ఆయన ఫోన్ కోసం ఎదురుచూశాను. నన్ను గుర్తుపడతారా లేదా అన్నదొక్కటే నాకు కావాలి.

తెర మీద ఆయన ముఖం వచ్చింది. కాసేపు చూశారు.

"ఏంది, తబియత్ మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న."

"మరి గట్ల కనపడుతున్నవేంది? చీకట్ల ఉన్నట్టున్నవ్. కిటికీ దిక్కు జరుగు."

మధ్యాహ్నపు ఎండ నా ముఖం మీదే పడుతోంది. జరగడానికి ఇక చోటు లేదు.

"కిటికీ దగ్గర్నే ఉన్న," అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేయలేదు. విరామం ముగిసేదాకా ఇద్దరం అలా చూస్తూనే ఉన్నాం.