నా రేడియో వయసు

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో మనిషికి ఒక్క వయసు సరిపోయేది కాదు. రైల్వే వయసు వేరు, ఇంటి వయసు వేరు, పెళ్ళి వయసు వేరు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే మా నాన్న, సర్వీసు బుక్కు ప్రకారం మా చిన్నాన్నకన్నా చిన్నవాడు. ఆ లెక్కన ఇంట్లో తమ్ముడు కాస్తా ఆఫీసులో అన్నగారైపోయాడు. (రిటైర్మెంటు కొన్నేళ్ళు వెనక్కి జరుగుతుందంటే తమ్ముడికి తమ్ముడు కావడానికి ఎవరికి మాత్రం అభ్యంతరం?) సెలవులకి పలాస నుంచి వచ్చే మా పిన్ని కొడుకు నూనూగు మీసాలొచ్చేదాకా అర టిక్కెట్టు మీదే ప్రయాణం చేశాడు. ఇవన్నీ అబద్ధాలని మేమెవరమూ అనుకునేవాళ్ళం కాదు. అడిగేవాళ్ళని బట్టి జవాబు, అంతే. ఎవరికి ఏ వయసు చెప్పామో గుర్తుపెట్టుకోవడం ఇల్లాలి పని, ఆ పనిలో మా అమ్మ ఆరితేరిన మనిషి.

అలాంటి ఇంట్లోకి నేను రేడియో తెచ్చాను. తెలుగు పిల్లల బడిలో టీచరుగా చేరిన కొత్త, నా జీతంతో నేను కొన్న మొదటి పెద్ద వస్తువు. గోల్‌బజార్ నుంచి రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. దారిలో వాన పడితే నేను తడిశాను గాని దాన్ని తడవనివ్వలేదు. రేడియోతోపాటు కొట్టు గుమాస్తా ఒక పచ్చటి గ్యారంటీ కార్డు కూడా ఇచ్చాడు. "వారంలోగా నింపి తెచ్చీయమ్మా, మేమే కలకత్తా పంపిస్తాం. ఒక్క ముక్క తప్పు రాసినా గ్యారంటీ సెల్లదు, కిందన రాసీసి ఉంది సూడు" అన్నాడు. ఆ గుమాస్తా ఎవరో కూడా చెప్పాలి. అప్పుడు నాకొక సంబంధం నడుస్తోంది. అబ్బాయి ప్రేమ్ బజార్ పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో ఉద్యోగి, ఈ గుమాస్తా ఆ అబ్బాయికి సొంత మేనమామ. అబ్బాయిని నేను ఒకసారి చూశాను. పూరీ గేట్ దగ్గర శ్రీరామనవమి పందిట్లో పానకం పంచుతూ, ముసలివాళ్ళకి గ్లాసు అందించబోయి సగం తన చొక్కా మీదే పోసుకున్నాడు. అయినా నవ్వుతూనే ఉన్నాడు. నాకు నచ్చాడు. (ఇప్పుడు చెప్పడానికి సిగ్గేముంది?)

ఆ సాయంత్రం టీ గ్లాసులు పక్కకి జరిపి, ఇల్లంతా కార్డు ముందు కూర్చున్నాం. అప్పట్లో రేడియోకి తప్పనిసరైన లైసెన్సు కోసం వెళితే పోస్టాఫీసువాళ్ళు పేరూ చిరునామా రాసుకుని ఊరుకున్నారు. ఈ కంపెనీవాళ్ళు అలా కాదు. పేరేమిటి, వయసెంత, పెళ్ళయిందా లేదా, ఏం ఉద్యోగం, జీతమెంత, ఇంట్లో ఎంతమంది, ఇల్లు సొంతమా అద్దెదా, ఏ పత్రిక చదువుతారు, అన్నీ కావాలి. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతుంటే అమ్మ కళ్ళు పెద్దవవుతూ పోయాయి. "రేడియో అమ్మినోడికి నీకు పెళ్ళయిందో నేదో ఎందుకే? మీట నొక్కితే అది పాడదేటి?" అంది. జీతం దగ్గరికి వచ్చేసరికి "సుట్టాలకి సెప్పింది రాస్తావా, మగపెళ్ళోరికి సెప్పింది రాస్తావా?" అనడిగింది. ఇంట్లో ఎంతమందంటే నాన్న గడ్డం గోక్కుని "క్వార్టరు లెక్కా, రేషన్ లెక్కా, రైలు పాసు లెక్కా?" అన్నాడు. నిజం లెక్క అన్నాను. ఆ మాట ఆయన కొత్తగా విన్నట్టు నా వైపు చూశాడు.

వయసు గడి దగ్గర బండి ఆగిపోయింది. నాకు ఇరవై రెండు. మగపెళ్ళివారికి అమ్మ చెప్పింది పంతొమ్మిది. "పంతొమ్మిదని రాయీ" అంది అమ్మ. రాయనన్నాను. తప్పు రాస్తే గ్యారంటీ పోతుంది. "ఆ కార్డు ఎవుల సేతికెల్తాదో తెలుసేటే? పెళ్ళికొడుకు మేనమావ సేతికి! నువ్వు ఇరవై రెండని రాసిస్తే ఆ సంబందం ఉంటాదేటి?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పుడు నాన్న, వర్క్‌షాపులో బిగుసుకుపోయిన నట్టు విప్పినంత తేలిగ్గా ఉపాయం చెప్పాడు. "గొడవెందుకు? నా పేరున రాసీండి. నా రైల్వే వయసు ఎలాగూ ఉంది, పెళ్ళి కూడా అయిపోయింది, నన్నెవులూ సూడరు." అమ్మ ముఖం విప్పారింది. నిజానికి చక్కటి ఉపాయమే. కానీ నాకు ఒళ్ళు మండింది. క్వార్టరు ఆయన పేర, పాసు ఆయన పేర, రేషన్ కార్డు ఆయన పేర. మా ఇంట్లో నా పేరున్న వస్తువు అప్పటిదాకా ఒక్కటీ లేదు. ఇది నాది, నా పేరే ఉండాలి అన్నాను. అమ్మ చీర కొంగు బిగించింది. "ఒకటే మాట సెప్పు. నీకు రేడియో గావాలా, మొగుడు గావాలా?"

"రెండూ కావాలి" అన్నాను.

నాన్న నవ్వు ఆపుకోవడానికి నీళ్ళ చెంబు అందుకుని లేచిపోయాడు. నేను గుండ్రటి అక్షరాలతో నా పేరు రాసి, పక్కన ఇరవై రెండు అని రాశాను.

మర్నాడు బడి వదలగానే ఆ కార్డు పట్టుకుని గోల్‌బజార్ వెళ్ళాను. మేనమామగారు కళ్ళజోడు పైకి తోసి పేరు చదివారు, తర్వాత వేలు వయసు మీద ఆగింది. "ఇరవై రెండా? మీ అమ్మగారు పంతొమ్మిదన్నారు కదమ్మా?" అన్నారు. "పంతొమ్మిది పెళ్ళి వయసండి. ఇది రేడియో వయసు. కంపెనీవాళ్ళు తప్పు రాయొద్దన్నారు కదా" అనేశాను. (అంత తెలివైన మాట అనాలని అనుకుని అనలేదు, భయంలో వచ్చేసింది.) ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఠీక్ హై" అని ముద్ర గుద్ది, సగం కార్డు చింపి నా చేతికిచ్చారు. దాని మీద నా పేరుంది. రిక్షా ఎక్కకుండా నడిచి వచ్చాను, దారంతా సంతోషమూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఆ తర్వాత అటునుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. అమ్మ రేడియో మీద పాత దుప్పటి కప్పేసి, "సంబందం సెడగొట్టిన సెని ఇది" అని దాన్ని తిట్టేది. తిట్లు దానికైనా చూపు నా మీదే ఉండేది. నాకూ పాటలు వినాలనిపించలేదు. పానకం చొక్కా అబ్బాయి ఇంక రాడనే అనుకున్నాను. నిజం రాసినందుకు ఒక్కొక్కప్పుడు నా మీద నాకే కోపం వచ్చేది.

ఒక ఆదివారం పొద్దున్న మేనమామగారూ, ఆయన వెనకే ఆ అబ్బాయీ మా గుమ్మంలోకి వచ్చారు. అమ్మ గాభరాగా కుర్చీలు తుడిచి, టీ గ్లాసులు అందించింది. అబ్బాయి కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "అమ్మా, మావయ్య కార్డు సంగతి సెప్పినాడు. ఇంట్లో అందరం తెగ నవ్వినాం. తర్వాత నాకే బయమేసింది. మా అమ్మ మీకు నా వయసు ఇరవై ఆరని సెప్పిందంట. నాకు ముప్పై నిండిపోయినాయి. మీ అమ్మాయి కంపెనీకే నిజం రాసినప్పుడు, నాను మీకు సెప్పకపోతే బాగోదని వచ్చినాను."

అమ్మ వేళ్ళు మడిచి లెక్క వేసింది. "నాలుగేళ్ళా! మూడేళ్ళు తగ్గించినందుకే నాకు కంటి మీద కునుకు నేదు బాబూ. నాలుగేళ్ళు మింగీసి మీ అమ్మ ఎంత నిబ్బరంగా ఉందో!" అంది. ఆ గొంతులో కోపం లేదు, సాటి విద్వాంసురాలి మీద గౌరవం ఉంది. మేనమామగారికి నవ్వుతో టీ పొలమారింది. నాన్న వెళ్ళి దుప్పటి తీసి రేడియో పెట్టాడు. ఆ అబ్బాయి మొదటిసారి నా వైపు చూసి, నవ్వు ఆపుకోలేక టీ కాస్తా చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. మాఘమాసంలో మా పెళ్ళయింది. శుభలేఖలో వయసులు వేయరు కాబట్టి దాని గురించి మళ్ళీ గొడవ రాలేదు.

మొన్న ఇద్దరం మిక్సీ కొనడానికి వెళ్ళాం. కొట్లో అమ్మాయి ఫోను చేతిలో పెట్టుకుని, గ్యారంటీ కోసమంటూ నా పేరు అడిగింది, చెప్పాను. వయసు అడిగింది. ఏ సంబంధమూ తప్పిపోయే భయం లేదు, రిటైరయ్యే ఉద్యోగం లేదు, అర టిక్కెట్టు అవసరమూ లేదు. అయినా నా నోరు రెండేళ్ళు తగ్గించి చెప్పింది. పక్కనున్న మా ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. తర్వాత ఆ అమ్మాయితో, "నాకూ రెండు తగ్గించి రాసుకోమ్మా, లేకపోతే మా ఇద్దరికీ తేడా మరీ ఎక్కువైపోతుంది" అన్నారు. ఆ అమ్మాయికేమీ అర్థం కాలేదు. ఒక్క ఏడు కూడా వదులుకోనని పంతం పట్టిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చి నాకు ముచ్చటేసింది. అది ఈ కొట్లో ఉండి ఉంటే నన్ను చూసి ఏమనేదో గాని, మా అమ్మ మాత్రం తప్పకుండా భుజం తట్టేది.