సాంగ్లి దాకా సొరుగులు

విద్యావతి వ్యాన్ వెనక తలుపు పైకెత్తి, మోకాళ్ల మీద లోపలికి పాకి, టైలరు టేపుతో కొలతలు తీసుకుంటోంది. ఆమెకు యాభై ఏడేళ్లు. భర్త ప్రహ్లాద్‌కు ఆర్మూర్‌లో పసుపు కమీషన్ దుకాణం ఉంది. ఎదురింటి గంగవ్వ చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"ఏం పోగొట్టుకున్నవక్కా?"

"ఏం పోలే. సొరుగులు పెట్టిస్తున్న," అంది విద్యావతి, టేపు కొస పళ్లతో పట్టుకొని.

"బండిలనా? ఎందుకు?"

"సాంగ్లి పోనీకి."

విద్యావతి పుట్టింది భీమ్‌గల్‌లో, కిరాణా దుకాణం నడిపే ఇంట్లో. ఆ దుకాణంలో గోడ పొడవునా చెక్క సొరుగులుండేవి. జీలకర్ర సొరుగేదో, వాము సొరుగేదో పదేళ్ల వయసులోనే ఆమె చూడకుండా చెప్పేది. పెళ్లయి ఆర్మూర్ వచ్చాక ముప్ఫై రెండేళ్లు ఇల్లూ దుకాణమే లోకం. యాభై నాలుగో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. సరదాకు కాదు. ఆ ఏడే ప్రహ్లాద్‌కు కిడ్నీలు పాడయ్యాయి. దవాఖానకు తీసుకుపొమ్మని ప్రతిసారీ ఎవరినో బతిమాలడం ఆమెకు నచ్చలేదు.

డాక్టరు ఇంట్లోనే చేసుకునే డయాలిసిస్ పెట్టాడు. ప్రహ్లాద్ కడుపులోకి సన్నని గొట్టం అమర్చారు. రోజుకు నాలుగుసార్లు ఆ గొట్టం గుండా పాత నీళ్లు బయటికి తీసి, రెండు లీటర్ల సంచిలోని కొత్త మందునీళ్లు లోపలికి ఎక్కించాలి. ఒక్కోసారికి ముప్పావుగంట పడుతుంది. చేతులు కడుక్కోవాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి, తలుపులు మూసి ఫ్యాన్ ఆపాలి. దుమ్ము సోకితే కడుపులో చీము పడుతుంది. విద్యావతి ఇదంతా పది రోజుల్లో నేర్చుకుంది.

ప్రహ్లాద్ మాత్రం చిన్నబోయాడు. ముప్ఫై ఏళ్లుగా అతను మహారాష్ట్రలోని సాంగ్లికి పసుపు పంపుతున్నాడు. అక్కడి వ్యాపారి బాపూసాహెబ్‌తో రోజూ ఫోన్లో హిందీలో మాట్లాడతాడు, సరుకు రంగు మీద పోట్లాడతాడు, మళ్లీ నవ్వుతాడు. ఇద్దరూ ఒక్కసారీ ఎదురెదురుగా కూర్చోలేదు. ప్రతి ఏడూ "వచ్చే ఏడు తప్పకుండ వస్త" అనేవాడు. ఒకనాడు ఫోన్ పెట్టేసి, "ఇంగ సాంగ్లి ముచ్చట ఇడిసిపెట్టుడే" అని గొణిగాడు. పక్కనే బియ్యం ఏరుతున్న విద్యావతి విన్నది.

ఆమెకు వెనకటి ప్రయాణం గుర్తొచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు నవీపేట్‌లో చుట్టాల పెళ్లికి పోయారు. మందు సంచుల పెట్టెలు వ్యాన్‌లో అడుగున పెట్టి, పైన బట్టలూ కానుకలూ సర్దారు. సమయానికి పెట్టె అందక, సామానంతా రోడ్డు పక్కన దించాల్సి వచ్చింది. లారీలు లేపే దుమ్ములో, ఒక చేత్తో పెట్టె చింపుతూ ఎట్లాగో పని కానిచ్చింది. మూడో రోజుకు ప్రహ్లాద్‌కు జ్వరం, కడుపునొప్పి. తొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నారు. నిజామాబాద్‌లో మందుల దుకాణం నడిపే కూతురు శ్రేయ తల్లి చేయి పట్టుకొని ఏడ్చింది.

"అమ్మా, ఇగ ఎక్కడికీ వద్దు. నాన్నను ఇంట్లనే ఉండనియ్యి."

విద్యావతి ఆ తొమ్మిది రోజులూ మంచం పక్కన కూర్చొని ఒకటే ఆలోచించింది. తప్పు ప్రయాణానిది కాదు, సర్దడానిది. ఇప్పుడు సాంగ్లి మాట విన్నాక డాక్టరును అడిగింది. శుభ్రం తప్పకుండా ఉంటే పోవచ్చని ఆయన చెప్పాడు. మర్నాడే టేపు చేతికి తీసుకుంది.

పెర్కిట్‌లో దర్వాజలూ వంటింటి అరలూ చేసే వడ్రంగి జయరాజ్ ఆమె గీసిన బొమ్మ చూసి తల గోక్కున్నాడు.

"అమ్మా, నేను ఇండ్లల్ల పని చేసేటోన్ని. ఇల్లు ఊగదు. బండి ఊగుతది."

"ఊగేదాంట్ల ఎట్ల చెయ్యాల్నో ఇద్దరం నేర్సుకుందం. ఎప్పుడొస్తవ్?"

అతను సోమవారం వచ్చాడు. మధ్య సీటు ఉంచి వెనక సీటు తీసేశాడు. బండి అడుగున పైపులుంటాయి గనుక కొత్తగా రంధ్రం వేయకుండా, సీటు బోల్టుల రంధ్రాలకే ప్లైవుడ్ చట్రం బిగించాడు. మీద రెండు, కింద రెండు, నాలుగు సొరుగులూ వెనక తలుపు వైపు తెరుచుకునేట్టు చేశాడు. వేలితో లాగితే జారి వచ్చేవి. వీధిలో అందరూ మెచ్చుకున్నారు.

విద్యావతి మెచ్చుకోలేదు. అయిదు రోజుల ప్రయాణానికి ఇరవై సంచులు, అదనంగా నాలుగు. యాభై కిలోల పైమాటే. అంత బరువు ఉప్పు ప్యాకెట్లు సొరుగుల్లో నింపి, జయరాజ్‌ను పక్కన కూర్చోబెట్టుకొని భీమ్‌గల్ వైపు గుట్టల దారి పట్టింది. ఎత్తు ఎక్కుతుంటే వెనక ధడేలుమని చప్పుడైంది. గుట్ట మీద ఆపి తలుపు ఎత్తగానే, పై సొరుగు ఉప్పుతో సహా జారి ఆమె ఎడమ పాదం మీద పడింది.

బొటనవేలి గోరు నల్లబడింది. జయరాజ్ ముఖం దానికంటే నల్లబడింది.

"నాతోని గాదమ్మా. దండం పెడుత, ఇంకొకర్ని సూస్కో."

ఆమె రోడ్డు పక్క రాయి మీద కూర్చొని, కొంగు తడిపి వేలికి చుట్టుకుంది. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కాలు మానుతది జయరాజ్. తప్పెక్కడున్నదో నీకు, నాకు ఎర్కైంది. ఇంకొకడొస్తే వానికి మల్ల మొదటికెల్లి చెప్పాలె. నువ్వే చెయ్యాలె."

అతను ఒంగి, చెల్లాచెదురైన ఉప్పు ప్యాకెట్లు ఏరడం మొదలుపెట్టాడు.

రెండోసారి ఇద్దరూ కలిసి ఆలోచించారు. బరువంతా కింది సొరుగుల్లోకి వచ్చింది. ప్రతి సొరుగుకూ ఇనుప గొళ్లెం పడింది. అది ఎత్తితే తప్ప సొరుగు కదలదు. అసలు మార్పు విద్యావతిది. మందు సంచుల సొరుగు వెనక్కి కాకుండా లోపలికి, ప్రహ్లాద్ కూర్చునే మధ్య సీటు వైపు తెరుచుకోవాలంది. అప్పుడు వెనక తలుపు ఎత్తే పనే ఉండదు, దుమ్ము లోపలికి రాదు. వాడిన సంచుల సొరుగు ఒక్కటే వెనక వైపు ఉంచారు. సంచి వేలాడదీయడానికి పైకప్పు కడ్డీకి జయరాజ్ ఒక కొక్కెం అమర్చాడు. మళ్లీ ఉప్పు నింపారు, మళ్లీ గుట్ట ఎక్కారు. మూడుసార్లు పోయి వచ్చినా ఒక్క సొరుగూ కదల్లేదు.

ఇక మిగిలింది ప్రహ్లాద్.

"బండిల సంచి తగిలించుకొని కూసుంటే నలుగురు చూస్తరు విద్యా. నాకు సిగ్గయితది."

"కిటికీలకు తెరలు కుట్టిన. ఎవ్వలు చూడరు. జర ఒక్కసారి కూసొని చూడుండ్రి."

వారం రోజులు ఇంటి ముందే, ఆపి ఉంచిన వ్యాన్‌లో మధ్యాహ్నపు డయాలిసిస్ చేసుకున్నారు. మొదటి రోజు ప్రహ్లాద్ తల వంచుకొని కూర్చున్నాడు. నాలుగో రోజు పేపర్ తెమ్మన్నాడు. ఏడో రోజు తనే చేయి చాపి గొళ్లెం ఎత్తి, సొరుగు లాగి సంచి బయటికి తీశాడు. అది చూసి విద్యావతి నవ్వు కనబడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది.

శ్రేయ మాత్రం ఒప్పుకోలేదు. బయల్దేరే రోజు పొద్దున్నే వచ్చి ప్రతి సొరుగూ తెరిచి చూసింది. సంచులు లెక్కబెట్టింది. మాస్కుల కట్ట, సబ్బు, చేతులకు రాసుకునే మందు ఎక్కడున్నాయో వెతకబోతే వెంటనే చేతికందాయి. చివరికి, "రోజుకు నాలుగుసార్లు ఫోన్ చెయ్యాలె" అని మాత్రం అంది.

మొదటి రోజు లాతూర్‌లో ఆగారు. రెండో రోజు సోలాపూర్ దాటాక, పెట్రోల్ బంకు వెనక నీడ చూసి బండి నిలిపింది. అద్దాలు మూసి, తెరలు లాగి, చేతులు కడుక్కుంది. బయట లారీలు పోతున్నాయి. ముప్పావుగంటలో పని ముగిసింది. సామాను ఒక్కటీ కిందికి దించలేదు. ప్రహ్లాద్ చొక్కా సర్దుకొని, "ఛాయ్ తాగుదమా?" అన్నాడు, ఏమీ జరగనట్టే.

సాంగ్లి చేరేసరికి సాయంత్రమైంది. బాపూసాహెబ్ ఇంటి గేటు దగ్గర తెల్ల టోపీ పెట్టుకున్న పొట్టి మనిషి నిలబడి ఉన్నాడు. ఫోన్లో గొంతు విని బాపూసాహెబ్ ఆరడుగులుంటాడని ప్రహ్లాద్ ముప్ఫై ఏళ్లుగా అనుకుంటున్నాడు. ఒకరినొకరు చూసుకొని ఇద్దరూ పగలబడి నవ్వారు. తర్వాత బాపూసాహెబ్ ప్రహ్లాద్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

మర్నాడు మార్కెట్లో పసుపు కుప్పల ముందు ఇద్దరూ కొమ్ములు విరిచి, లోపలి రంగు మీద వాదులాడుకుంటుంటే విద్యావతి వ్యాన్ దగ్గర నుంచి కేకేసింది.

"టైమైంది, రాండ్రి!"

"పది నిమిషాలు!"

"అయిదు," అంది విద్యావతి.

ఆర్మూర్ తిరిగొచ్చిన మర్నాడు శ్రేయ వచ్చింది. తండ్రి కడుపులోంచి వచ్చిన నీళ్ల సంచిని కిటికీ వెలుతురులో పట్టుకొని చూసింది. చీము పడితే నీళ్లు మబ్బుగా ఉంటాయి. ఇవి అవతలి వైపు వేలు కనబడేంత తేటగా ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాతా అట్లాగే ఉన్నాయి, జ్వరం లేదు. అప్పుడు గానీ శ్రేయ అడగలేదు:

"మల్ల ఎటు పోతరే అమ్మా?"

"మీ నాయన్ను అడుగు. నాది నడుపుడు వరకే," అంది విద్యావతి, చేతులు కడుక్కుంటూ.