ఓబులేసు ఫోటో మీద బుడగ

దెయ్యాల మాట ఎత్తేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ విసుగు. ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. మా నాయన పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేవాడు కాదు. పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతికి ముడి వెయ్యడం నేర్పాడు గానీ, ఎవరి దిష్టో తగిలిందని కూర్చోవడం నేర్పలేదు. ఇప్పటికీ మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు ఆసుపత్రికి తీసుకుపొమ్మని అరిచేది నేనే. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. చూసింది చూసినట్టు చెప్తాను, నమ్మమని ఎవరినీ అడగను.

పెళ్ళయ్యాక మగ్గం వదిలి ఫోటో స్టూడియోలోకి వచ్చాను. మా ఆయనది బస్టాండుకు దగ్గరలో చిన్న స్టూడియో. ఫోటోలు తీయడం, కడగడం ఆయన పని. కత్తిరించడం, అతికించడం, ఫ్రేము కట్టడం నా పని. పట్టుపోగులు పట్టిన చెయ్యి, వణకదు అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. మెప్పు ఆయన ఇచ్చేవాడు, నడుంనొప్పి నాకొచ్చేది.

ఎనభైల మధ్యలో ఆయన బెంగళూరు నుంచి యాక్రిలిక్ షీట్లు తెచ్చాడు. గాజు కంటే తేటగా ఉండే ప్లాస్టిక్ పలకలు. కింద పడినా పగలవు. అంతకుముందు పల్లెలవాళ్ళు గాజు ఫ్రేము కట్టించుకుని బస్సెక్కితే ఊరు చేరేలోపల సగం పగిలేవి. అందుకని ఈ ‘పగలని అద్దం’ అందరికీ తెగ నచ్చింది. ముఖ్యంగా చనిపోయినవాళ్ళ ఫోటోలకు.

పని ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. రెండు వైపులా జిగురు ఉండే పలచటి ఫిల్ము ఒకటి వచ్చేది. ఒకవైపు కాగితం ఒలిచి ఫిల్మును షీటు మీద పరిచి రోలరుతో నొక్కాలి. తర్వాత రెండోవైపు కాగితాన్ని కొంచెం కొంచెంగా ఒలుస్తూ, ఫోటోను బోర్లా పడుకోబెట్టి నొక్కుతూ పోవాలి. తిప్పి చూస్తే మనిషి అద్దంలోపల ఉన్నట్టు కనిపిస్తాడు. ఒకసారి అతికిందంటే ఊడదు, లాగితే ఫోటో చిరిగిపోతుంది.

మధ్యలో గాలి చిక్కితే బుడగ వస్తుంది. దుమ్ము పడినా వస్తుంది. మా వైపు దుమ్ముకు కరువు ఎప్పుడూ లేదు. షీటుకు కాపుగా అతికించి వచ్చే కాగితం ఒలవగానే చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడేవి, గదిలోని దుమ్మంతా వచ్చి దాని మీదే వాలేది. నేల మీద నీళ్ళు చల్లి, కిటికీకి తడిగుడ్డ కట్టి, తలుపు వేసుకుని చేసేదాన్ని. అయినా అప్పుడప్పుడూ బుడగలు వచ్చేవి. ఫోటో వెనకనుంచి సూదితో పొడిచి, గాలి తీసి, బొటనవేలితో నొక్కితే పోయేవి. బుడగలు నాకు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా.

ఒక ఎండాకాలంలో, గురువారం నాడు, గోరంట్ల దగ్గరి పల్లె నుంచి ఇద్దరు వచ్చారు. నాగప్ప అని నడివయసు మనిషి, ఆయన తమ్ముడి భార్య అంజినమ్మ. ఆ తమ్ముడి పేరు ఓబులేసు. ఏడెనిమిదేళ్ళ కిందట వానల్లేని ఏడాది, మేత కోసం గొర్రెలను తోలుకుని నలుగురితో కలిసి తుంగభద్ర కాలువల వైపు పోయాడట. తప్పిపోయిన గొర్రెలను వెతుక్కుంటూ ఒక సాయంత్రం గుంపు నుంచి విడిపోయాడు. మిగతావాళ్ళు నాలుగు రోజులు వెతికి, మందను తోలుకుని తిరిగొచ్చారు. ఓబులేసు రాలేదు. బతికున్నాడని గానీ చనిపోయాడని గానీ ఒక్క మాట తెలియలేదు.

ఇప్పుడు వాళ్ళ అమ్మ మంచం పట్టింది. నా కళ్ళు మూతపడేలోపల వానికి కర్మ చెయ్యండి, దిక్కులేకుండా తిరుగుతాంటాడు అని రోజూ ఏడుస్తోందట. ఊరి పెద్దమనుషులు సరే అన్నారు. శవం లేదు కాబట్టి ఫోటో పెట్టి సోమవారం కర్మ చెయ్యాలని, ఆ ఫోటో ముందరే అంజినమ్మ గాజులు తీసెయ్యాలని నిర్ణయమైంది. నాగప్ప ఇదంతా మా ఆయనకు తల వంచుకుని చెప్పాడు. అంజినమ్మ గోడవైపు చూస్తూ నిలబడింది. నుదుట పెద్ద బొట్టు, చేతులకు ఆకుపచ్చ గాజులు.

వాళ్ళ దగ్గరున్నది ఒకే ఫోటో. పెళ్ళయిన కొత్తలో మా స్టూడియోలోనే ఇద్దరూ కలిసి తీయించుకున్నది. చనిపోయినవాళ్ళ ఫోటోలో బతికున్నవాళ్ళు ఉండకూడదు, ఇది ఎవరూ చెప్పక్కర్లేని నియమం. మా ఆయన అంజినమ్మ ఉన్న సగాన్ని నల్ల కాగితంతో మూసి, ఓబులేసును ఒక్కడినే మళ్ళీ ఫోటో తీశాడు. ఆమె మోచెయ్యి, రెండు గాజులు అతని చొక్కాను ఆనుకుని ఉన్నాయి. వాటిని కుంచెతో చెరిపేస్తానన్నాడు.

ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

“నన్ను తీసేస్తే ఆయప్ప ఒక్కడే నిలబడుకోనుంటాడా అక్కా?”

అవునన్నాను. శనివారం మధ్యాహ్నం రమ్మని పంపించాం.

శుక్రవారం పొద్దున అతికించాను. చాలా శుభ్రంగా వచ్చిందనుకుని తిప్పి చూస్తే ముక్కు కింద, పెదవుల మీద, పావలా బిళ్ళంత బుడగ. ముఖంలో మిగతా అంతా నున్నగా అతుక్కుంది. వెనకనుంచి సూదితో పొడిచి నొక్కాను, పోయింది. అన్నం తిని వచ్చి చూస్తే అక్కడే, అంతే ఉంది. ఈసారి లోపల సన్నటి ఆవిరి పట్టి ఉంది. చలికాలంలో అద్దం మీద ఊదితే పడుతుందే, అలాంటిది.

మా ఆయనకు చూపించాను. ప్రింటు సరిగ్గా ఆరలేదు, తడి ఉండిపోయిందన్నాడు. నాకూ అదే సబబనిపించింది. నేల మీద చల్లిన నీళ్ళ చెమ్మ కూడా కావచ్చనుకున్నాను. ఆ షీటు పక్కన పెట్టేసి, సాయంత్రం ఇంకో ప్రింటు వేయించి, కొత్త షీటు మీద అతికించాను. బుడగ మళ్ళీ అక్కడే వచ్చింది. అక్క ఎందుకంత కోపంగా ఉందని పక్క టీకొట్టు ఆయన మా ఆయనను అడిగాడట. రెండు షీట్లు పాడైతే ఎవరికి మాత్రం కోపం రాదు?

శనివారం పట్టుదలగా చేశాను. మూడో ప్రింటును పొద్దుటినుంచి మిద్దె మీద ఎండలో పెట్టాం. అది మా అనంతపురం ఎండ, ఉమ్మితే నేల తడవకముందే ఆరిపోతుంది. ప్రింటు అప్పడంలా అయింది. ఆ రోజు నేల మీద నీళ్ళు చల్లలేదు, కిటికీకి తడిగుడ్డ కట్టలేదు. చెయ్యి చెమట తగలకుండా పొడిగుడ్డ పెట్టి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే వాళ్ళు వచ్చారు. నాగప్ప కర్మకు కావలసిన సామాన్లు కొనడానికి బజారుకు పోయాడు. అంజినమ్మ నా గదిలోకి వచ్చి కింద కూర్చుంది.

ఆమె చూస్తుండగానే అతికించాను. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి పోయాను. పంచె, చొక్కా, మెడ దాటి గడ్డం వచ్చేదాకా రోలరు కింద ఒక్క చుక్క గాలి తగల్లేదు. రోలరు ముఖం మీదుగా పోయింది. తిప్పి బల్ల మీద పెట్టాను. ఇద్దరం వంగి చూశాం. మొదట ఏమీ లేదు. నేను ఊపిరి పీల్చుకుని గ్లాసెడు నీళ్ళు తాగి వచ్చేసరికి ముక్కు కింద బుడగ లేచి ఉంది.

తర్వాత జరిగింది జాగ్రత్తగా చెప్తాను. బుడగ లోపల ఆవిరి పట్టింది. పెదవులు మసకబారాయి. కాసేపటికి ఆవిరి విడిపోయి పెదవులు మళ్ళీ తేటగా కనిపించాయి. మళ్ళీ పట్టింది, మళ్ళీ విడిపోయింది. పైన చీరకొంగుతో తుడిచాను, తడి లేదు. షీటును ఎత్తి ఇంకో బల్ల మీద పెట్టాను, కిటికీకి దూరంగా తిప్పాను. ఆగలేదు. తొందర లేకుండా, పడుకున్న మనిషికి ఎలా ఉంటుందో అలా. నాకు భయం వేసింది. గది నడిమధ్యలో, మిట్టమధ్యాహ్నం, నా పనిముట్ల మధ్య నాకు భయం వెయ్యడం అదే మొదటిసారి.

అంజినమ్మ భయపడలేదు. బిడ్డ నిద్రను చూసినట్టు చూస్తూ కూర్చుంది.

“ఊపిరి తీస్తాండాడక్కా” అంది.

ఆమె కళ్ళు తడిగా లేవు. ఇది జిగురు గొడవ, ఎండకు ఇలా అవుతుంది అనబోయి, రోలరు తీసి పక్కన పెట్టాను.

నాగప్ప సంచులతో వచ్చాడు. ఫోటో ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. భుజం మీది టువాలుతో పైన తుడిచాడు. మళ్ళీ చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. తల్లి అడిగింది చెయ్యాలని వచ్చిన కొడుకు, అంతే. సంచులు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

“దీని ముందర కర్మ చెయ్యల్లంటే నా చేత కాదమ్మా” అన్నాడు.

ఫోటో ఇంటికి తీసుకుపోతే అత్త చూసి ప్రాణం మీదికి తెచ్చుకుంటుందని, నా దగ్గరే పెట్టుకొమ్మని అంజినమ్మ అడిగింది. గాజులతో వచ్చిన మనిషి గాజులతోనే బస్సెక్కింది. సోమవారం కర్మ జరగలేదు. వానలు మొదలు కాకముందే ఆ ముసలమ్మ పోయింది. కొడుకుకు నీళ్ళు వదలనివ్వలేదని చివరిదాకా కోడలిని తిడుతూనే పోయిందని తర్వాత తెలిసింది. మొగుడు పోయినా బొట్టు చెరపనిదని ఊళ్ళో కూడా అన్నారట. అవన్నీ అంజినమ్మ పడింది.

ఫోటోను నా పనిగదిలో ఎత్తైన అరలో నిలబెట్టాను. అంజినమ్మ ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేది. కాసేపు దాని ముందు కూర్చుని, మంచినీళ్ళు తాగి పోయేది. ఆమె ఉన్నప్పుడు ఆవిరి కనిపించేది. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా కొన్నిసార్లు చూశాను, కొన్నిసార్లు లేదు. మా ఆయన ఆవిరి కదలడం ఒక్కసారే చూశాడు, అది కూడా ఎండ నీడల వల్ల అని కొట్టిపారేశాడు. బుడగ మాత్రం ఎప్పుడూ ఉందని ఆయనా ఒప్పుకుంటాడు. ఆ షీట్ల మీద నేను అతికించినవి వందల్లో ఉంటాయి. ఒక్కదానిలోనూ ఇలాంటిది మళ్ళీ చూడలేదు.

అలా మూడేళ్ళు దాటింది. ఒకరోజు మధ్యాహ్నం అరలు దులుపుతూ ఫోటో చేతిలోకి తీసుకున్నాను. బుడగ లేదు. ముక్కు, మీసం, పెదవులు మిగతా ముఖంతో పాటు నున్నగా అతుక్కుని ఉన్నాయి. మూడో ప్రింటును నేను సూదితో పొడవలేదు. వెనక చూస్తే చిన్న చిల్లు కూడా లేదు. వేడికి జిగురు కరిగి సర్దుకుని ఉంటుందన్నాడు మా ఆయన. వేడికి బుడగ పెరుగుతుంది గానీ తగ్గదు, అది ఆయనకూ తెలుసు. నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం చూశాను. ఏ మార్పూ లేదు. మంచి పని, ఎవరైనా మెచ్చుకునే పని.

నాకు నిద్ర పట్టలేదు. ఈ మాట చెప్తే నేనే ఆమె గాజులు పగలగొట్టినట్టు అవుతుంది. చెప్పకపోతే నాకు తెలిసింది ఆమె దగ్గర దాచినట్టు అవుతుంది. అసలు నాకు తెలిసిందేమిటి? ఒక ప్లాస్టిక్ షీటులో గాలి పోయింది, అంతే కదా. అలా ఎన్నిసార్లు అనుకున్నా మనసు ఒప్పుకోలేదు. చివరికి ఫోటోను బట్టలో చుట్టి పెట్టె అడుగున పెట్టేశాను.

రెండు నెలలకు ఆమె వచ్చింది. అర ఖాళీగా ఉండడం చూసి నిలబడిపోయింది. గదికి సున్నం కొట్టిస్తున్నామని, సామాను అంతా కట్టిపెట్టామని చెప్పాను. ఆమె గోడల వైపు చూసింది. సున్నం వాసన కూడా లేదు. అయినా తియ్యమని అడగలేదు.

“ఊపిరి ఉండాది కదా అక్కా?” అంది.

“ఉండాది” అన్నాను.

సరే అని తల ఊపింది. నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, బస్సు టైమైందని లేచింది. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది గానీ ఎప్పుడూ ఫోటో చూపించమనలేదు. ఓబులేసు జాడ ఇంతవరకూ తెలియలేదు. ఆ బుడగ ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినవాళ్ళను అడిగాను, ఎవరూ నాకు సరిపడే జవాబు చెప్పలేదు.

ఆ రోజు ఆమె బస్సెక్కి పోయాక నేను చేసిన పని ఒకటుంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. గది తలుపు వేసి, పెట్టెలోంచి ఫోటో తీసి, బట్ట విప్పి, ఓబులేసు ముక్కు కింద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను.