నార్మల్ వాసన

మా పక్క ‘నార్మల్’ అనే ఇంగ్లీషు మాట లేకుండా పొద్దు గడవదు. దుకాణంలో నీళ్ల సీసా అడిగితే “కూలింగా, నార్మలా?” అంటాడు. కాన్పు కబురు వస్తే, పుట్టింది ఆడో మగో తర్వాత, ముందు “నార్మలేనా?” అని అడుగుతారు. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు ఆ ఒక్క మాట అంటే సగం జబ్బు అక్కడే దిగిపోతుంది. మా ఆయనకైతే అన్నిటికీ అదే జవాబు. కూర ఎట్లుందంటే నార్మల్, డ్యూటీ ఎట్లుందంటే నార్మల్. నాకు ఒళ్లు మండేది.

పెళ్లయి కర్దనూరులో కిరాయి ఇంటికి వచ్చిన కొత్తలో, పొద్దుగూకితే చాలు, చుట్టుపక్కల కెమికల్ కంపెనీలు వదిలే పొగతో గాలి ఘాటెక్కేది. గొంతు గీరుకుపోయేది. మా ఆయనది పాశమైలారం వైపు ఒక కంపెనీలో పని, భగ్గున అంటుకునే సాల్వెంట్లను డ్రమ్ముల్లో నింపుతాడు.

“ఏం గాదు, నార్మల్ వాసనే. కిటికీలు బందువెట్టు” అన్నాడు.

పెట్టాను. కొన్నాళ్లకు వాసన తగ్గిందనుకుని సంబరపడ్డాను కూడా. పక్క గదిలో కొత్తగా దిగిన ఒడిశా ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే, “నార్మల్ హై” అని నేనే ధైర్యం చెప్పాను.

మొన్నొక ఆదివారం పొయ్యి మీద పాలు సిమ్‌లో పెట్టి, ముందుగదిలో గోంగూర ఒలుచుకుంటున్నాను. ఆయన చాప మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. ఊరి నుంచి మా అమ్మ వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

“ఏందే గీ వాసన?”

“అది నార్మలే అమ్మా. రెండు రోజులుంటే నీకు గూడ అలవాటైతది” అన్నాను.

చాయ్ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగి మంట ఆరిపోయి ఉంది. విసుక్కుంటూ అగ్గిపుల్ల తీశాను. వెనక నుంచి అమ్మ నా మణికట్టు ఒడిసి పట్టుకుంది. రెండో చేత్తో రెగ్యులేటర్ తిప్పేసింది.

“ఇల్లంత గ్యాసే ఉన్నది. మీ ఇద్దరి ముక్కులు ఏడ వోయినయ్?”

కిటికీలన్నీ తెరిచి, అమ్మ గడప మీద కూలబడి ఏడ్చింది. మా ఆయన రెండో షిఫ్టుకు బూట్లు తొడుక్కోసాగాడు. అది చూసి నాకు అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

“నీకు గాడ కంపెనీల డ్రమ్ము కారితే వాసన తెలుస్తదా?” అని అడిగాను.

లేసు ముడివేస్తున్న చేతులు ఆగాయి.

“తెల్వక ఏడాదాయె. ఎవ్వలతోని అనకు. పనిలకెల్లి తీసేస్తరు.”

బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది. పోవద్దని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని వెళ్లి ఎక్కాడు.