చెప్పులు విప్పని శిష్యురాలు

దెయ్యాలు వదిలించే విద్య నేర్పే ముసలి మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏ ఇంటికెళ్లినా గుమ్మం బయటే చెప్పులు విప్పి, వంగని నడుముతోనే వాటిని పక్కకు సర్ది, తలుపు తట్టి, జవాబు రాదని తెలిసినా కాసేపు ఆగుతారు. ఆ రోజు ఒకావిడ చనిపోయి దెయ్యమై తిరుగుతున్న ఇంటికెళ్తే, కొత్త శిష్యురాలు చెప్పులతోనే వంటింట్లోకి దూసుకెళ్లి, ఫోన్లో రికార్డు చేసుకొచ్చిన మంత్రం పెట్టింది. గిన్నెలన్నీ ఎగిరెగిరి పడ్డాయి. "ఆపు! ఆవిడ కాపురం చేసిన ఇల్లిది. ఫోను పెట్టి తరుముతావా? నీ నోరేమైనా పడిపోయిందా?" అని మాస్టారు ఊగిపోయారు. "దెయ్యానిక్కూడా మర్యాదేంటి మాస్టారూ?" అందామె. ఆయన ఖాళీ వంటింటి వైపు తిరిగి తల వంచారు. "పిల్లది, తెలీదు. ఏమనుకోకండమ్మా. మీకేం కావాలి?" చప్పుడు ఆగిపోయింది. మూలనున్న స్టూలు దానంతటదే జరుగుతూ వచ్చి ఆయన ముందు నిలబడింది. మాస్టారు కూర్చోకుండా శిష్యురాలి చెప్పులకేసి చూశారు. "చచ్చిపోయినావిడ స్టూలు వేసింది. బతికున్నదానివి, నీకేం రోగం?"