సగమే తెరుచుకున్న రేకు

మా కారు మేస్త్రి పోయాడని పోయిన వారం ఫోన్ వచ్చింది. అప్పుడు నేను అనంతపురంలో ఆసుపత్రి వరండాలో ఉన్నాను. లోపల నా భార్యకు డయాలసిస్ జరుగుతోంది. ఇంకో మూడు గంటలు ఆమె మిషన్ మీదే ఉండాలి. ఎట్లా చెప్పాలో తెలియక, చల్లారిపోయిన టీ చేతిలో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆయన మాకు చుట్టమా, పక్కమా? అయినా కన్నీళ్ళు ఆగలేదు.

మాది గార్లదిన్నె పక్కన పల్లె. వారానికి రెండుసార్లు, పొద్దున ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఆలస్యమైతే వంతు పోతుంది. వంతు పోతే ఆమెకు ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు. బస్సులో కూర్చోలేదు. ఉన్నదల్లా మా నాయన వాడిన పాత పెట్రోలు కారు, కార్బొరేటర్ కాలం నాటిది. కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం అది మొండికేసింది. ఎంత తొక్కినా వేగం అందుకోదు. మిట్ట ఎక్కాలంటే దిగి నడవడం నయమనిపించేది. రెండుసార్లు వంతు పోగొట్టుకున్నాం. ఇద్దరు మెకానిక్కులు కార్బొరేటర్ విప్పి కడిగారు, ప్లగ్గులు మార్చారు. ఏం లాభం? అమ్మి పారేద్దామన్నంత విసుగొచ్చింది నాకు.

ఎవరో చెబితే ఊరి బయట షెడ్డులో ఉండే ఈయన దగ్గరికి పోయాం. చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. స్పానరు ముట్టుకోలేదు.

"ఏమన్నా, విప్పవా?" అన్నాను ఉండబట్టలేక.

"విప్పేదానికేముందప్పా, ఎవురైనా విప్పుతారు. ముందు సూడల్ల."

ఇంజన్ ఆపించి, బానెట్ ఎత్తి, గాలి డబ్బా మూత తీసి, కార్బొరేటర్ నోట్లోకి తొంగిచూస్తూ "తొక్కప్పా" అన్నాడు.

"తొక్కినా."

"ఇంగా తొక్కు."

"ఇంగ యాడికి తొక్కేదన్నా, అడుక్కు పోయింది!"

"నీకు అడుక్కు పోయింది. ఈడ రేకు సగమే తెరుసుకుంటాంది. ఇంగ బండికి గాలి యాడిది, పెట్రోలు యాడిది?"

నా వైపు వచ్చి వంగి కాళ్ళ కింద చూశాడు. ఎండకు కారు అడుగు కాలి ఆమె అరికాళ్ళు మండుతున్నాయని, నేనే పాత బొంత ఒకటి నాలుగు మడతలేసి ఆ కొస నుంచి ఈ కొస దాకా పరిచాను. ఎక్సలేటర్ పెడల్ దానికి తగులుకుని సగంలోనే ఆగిపోతోంది. నేనేమో అడుగు తగిలిందనుకుని తొక్కుతున్నాను!

బొంతను వేళ్ళతో పట్టి చూసి, "పెండ్లాం మీద ప్రేమ ఇంత మందం ఉండాదా నీకు!" అన్నాడు. పక్క సీట్లో ఉన్న ఆమె పగలబడి నవ్వింది. జబ్బు పడ్డాక ఆమె అట్లా నవ్వడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చాను గానీ, ఆ నవ్వు ముందు నా సిగ్గెంత.

"అమ్మ కాళ్ళ కింద ఉండనీ. నీ కాళ్ళ కింద తీసెయ్" అంటూ, కత్తితో కుట్టు వెంబడే తెంపి బొంతను రెండు చేశాడు.

ఆ తర్వాత ఏ చిన్న తేడా వచ్చినా ఆయన దగ్గరికే పోయేవాళ్ళం. సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటూ, బండి సంగతి కంటే ముందు "అమ్మ ఎట్లుండాది?" అనేవాడు. ఎవడైనా నిలబెట్టిన బండిని ఊరికే గుర్రుమనిపిస్తే "దాన్నెందుకురా అరిపిస్తావు, అదేం చేసింది నీకు?" అని తిట్టేవాడు. మాకు మళ్ళీ ఒక్కసారీ వంతు పోలేదు. ఆమె ఇవాళ నా పక్కన ఉందంటే డాక్టర్లతో పాటు ఆయన చలవ కూడా. ఆ మాట ఆయనతో ఒక్కనాడూ అనలేదు నేను.

మిషన్ దిగాక ఆమెకు చెప్పాను. "పోదాం పద" అంది. డయాలసిస్ అయిన రోజు ఆమెకు నిలబడే ఓపిక ఉండదు. అట్లాంటిది, ఆయన వాకిట్లో నా భుజం పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆయన ముఖం వైపే చూస్తూ, "నేనే ముందు పోతాననుకుంటి గదన్నా" అంది. అక్కడున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

తిరిగి వస్తూ అలవాటు కొద్దీ తొక్కాను. బండి వెంటనే వేగమందుకుంది. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఈపొద్దు నిదానంగా పోనీ. తొందరేముండాది మనకు" అంది. కాలు ఎత్తాను. బస్సులు, ఆటోలు, ఆఖరికి శెనక్కాయ మూటలేసుకున్న ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటిపోయింది. ఆమె కిటికీ వైపు తిరిగి, ఊరొచ్చేదాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.